పాత్రధారణ క్రీడలు: పాత నియమాలు, క్రొత్త నియమాలు

ఆటల నియమాలు మారడం లోకంలో క్రొత్త సంగతి కాదు. ఈనాడు చదరంగంలో రాణి అని పిలుస్తున్న బలం పూర్వపు షత్రంజ్‌లో ఫర్జీన్, అనగా మంత్రి. అది మూలకు ఒక్క గడి మాత్రమే కదిలేది. పదిహేనవ శతాబ్దం చివరి కాలంలో యూరప్‌లో దానికి ఎనిమిది దిక్కులా పోగల శక్తి వచ్చినది. మన దేశంలో మాత్రం పాత పద్ధతులు కొన్ని చాలాకాలం నిలిచినవి. బంటు తొలి ఎత్తులో రెండు గళ్లు పోవడం దేశీయ పద్ధతిలో లేదు. ఆ పద్ధతిలోనే ఆట నేర్చిన పంజాబు వాడు మీర్ సుల్తాన్ ఖాన్ లండన్ వెళ్లి, ఇంగ్లీషు నియమాలకు అలవాటుపడి 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచినాడు. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1977లో తీసిన ‘షత్రంజ్ కే ఖిలాడీ’ చూచినవారికి, లక్నో మీర్జాలకు ఒక పెద్దమనిషి ఇంగ్లీషువారి చదరంగం తీరు వివరించే ఘట్టం జ్ఞాపకం ఉండవచ్చును.

కాని చదరంగంలో జరిగిన మార్పు ఒక శాసనం పోయి మరొక శాసనం రావడమే. పాత ఆటలోను క్రొత్త ఆటలోను ప్రతి బలానికి, ప్రతి గడికి నియమం ఉన్నది. మేమిక్కడ ప్రస్తావించదలచిన ఆట సంగతి వేరు. అందులో పాత, క్రొత్తల తగవు నియమం ఏమిటన్నదాని మీద కాదు, నియమాన్ని ఎంతవరకు వ్రాయాలి, ఎక్కడ కలం ఆపాలి అన్నదాని మీద. లక్షణము, లక్ష్యము అని మన వ్యాకర్తలు చేసుకొన్న విభజన తెలిసినవారికి ఈ తగవు వెంటనే పరిచితంగా కనబడుతుంది. అందువల్లనే తెలుగు శాఖవారికి ఈ విషయంతో ఏమి పని అని అడగబోయేవారు కొంచెం ఓపిక పట్టవలెనని మా మనవి.

ఆ ఆట పాత్రధారణ క్రీడ. ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మన విద్యార్థులలో కొందరికి దీనితో పరిచయం ఉన్నది. కమిటీ పెద్దలకు ఉండకపోవచ్చును గనుక రెండు మాటలలో చెబుతాము. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు రెఫరీ. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు: ఒకడు యోధుడు, ఒకామె మాంత్రికురాలు, ఇంకొకడు దొంగ. రెఫరీ ఒక స్థలాన్ని వర్ణిస్తాడు. “మెట్లు క్రిందికి దిగుతున్నవి, అడుగున నీటి చప్పుడు” అంటాడు. తాము ఏమి చేస్తామో ఆటగాళ్లు నోటితో చెబుతారు. దానివల్ల ఏమి జరిగినదో రెఫరీ చెబుతాడు. సందేహం కలిగినచోట పాచిక వేస్తారు. పాచిక అనగానే మన పెద్దలకు జూదం స్ఫురిస్తుంది. నన్నయ సభాపర్వం చదివిన ఎవరికైనా స్ఫురించక తప్పదు. అయితే ఇక్కడ పందెం లేదు, పైసా చేతులు మారదు, ఒకరు గెలిచి మరొకరు ఓడేది లేదు. త్రాడు తెగినదా లేదా అని చెప్పడం వరకే పాచిక పని. 1980 దశకంలో అమెరికాలో ఈ ఆట పిల్లలను చెడగొడుతున్నదని, క్షుద్రవిద్యలు నేర్పుతున్నదని గొప్ప గగ్గోలు పుట్టినది. ఆ ఆరోపణ నిలువలేదు. దాని మీద ఇంతకన్న సిరా ఖర్చు చేయనక్కరలేదు.

ఈ ఆటలలో మొదటిది, నేటికీ పెద్దది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనిని రూపొందించగా 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరినుండి వెలువడినది. ఒక పెట్టెలో మూడు సన్నని పుస్తకాలు, వెల పది డాలర్లు, తొలి ముద్రణ వేయి ప్రతులు. ఆ పుస్తకాలలో వ్రాయనిదే ఎక్కువ. యుద్ధం ఎలా చేయాలో తెలియాలంటే 1971లో వచ్చిన ‘చెయిన్‌మెయిల్’ అనే మరొక పుస్తకం ఉండవలెను. చాలా విషయాలను రచయితలు రెఫరీ విచక్షణకే విడిచిపెట్టినారు. పైగా చివరి పుటలలో, మిగిలినది మీరే ఊహించుకొనండి, మీ కోసం మేము ఎందుకు ఊహించాలి అన్న అర్థం వచ్చేటట్లు చదువరులకు సలహా ఇచ్చినారు.

నిజానికి ఈ తగవు ఆ పెట్టెకన్నా పాతది. 1824లో రైస్విట్స్ అనే ప్రష్యా సైనికాధికారి అధికారుల శిక్షణకై ఒక యుద్ధక్రీడను ప్రకటించినాడు. పటాలు, పట్టికలు, పాచికలు, పైన తీర్పరి, అంతా పకడ్బందీగా ఉండేది. పోనుపోను పట్టికల బరువు పెరిగి ఆట నత్తనడక పట్టినది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరొక అధికారి పట్టికలను ప్రక్కకు నెట్టి, అనుభవజ్ఞుడైన తీర్పరి మాటే నియమం కావాలన్నాడు. ఆ భావమే 1880లో అమెరికాలో టాటెన్ వ్రాసిన ‘స్ట్రాటెగోస్’ అనే గ్రంథంలో కనిపిస్తుంది. దానిని చదివిన డేవిడ్ వెస్లీ అనే యువకుడు 1969లో మిన్నెసోటాలో తన మిత్రులచేత ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఆట ఆడించినాడు. అందులో ఒక్కొక్కరికి సైన్యం కాక ఒక్క మనిషి పాత్ర దక్కినది. ఆడినవారిలో ఆర్నెసన్ ఒకడు. పాత నియమాల మౌనం చేతగాక వదలిన ఖాళీ కాదని, దాని వెనుక ఒక సంప్రదాయం ఉన్నదని చెప్పడానికే ఈ వంశవృక్షం.

ఆ మౌనం బల్ల దగ్గర ఏ విధంగా పనిచేస్తుందో చూడవలెను. నేలమాళిగలో ఒక గది, గది మధ్య రాతి పెట్టె. పాత తీరున ఆడేవారి సంభాషణ ఇంచుమించు ఇట్లా నడుస్తుంది:

“పెట్టె మూత మీద దుమ్ముందా?”

“అంతటా ఉంది. ఎడమ అంచున జానెడు మేర లేదు.”

“ఎవరో అక్కడే చెయ్యి పెట్టి ఎత్తారన్నమాట. ఆ ప్రక్క నేల మీద ఏమైనా ఉందా?”

“ఎండిన మరకలున్నాయి. నల్లగా.”

“అయితే అక్కడ ముట్టుకోను. మీరంతా తలుపు దాకా వెనక్కి జరగండి. నేను పదడుగుల కర్ర కొనతో కుడివైపు నుంచి ఎత్తుతాను.”

ఇందులో పాచిక పడలేదు. క్రొత్త తీరున అదే గది: “పెట్టెను పరీక్షిస్తాను.” “పాచిక వెయ్యి.” “పదిహేడు, నైపుణ్యానికి అయిదు, ఇరవై రెండు.” “మూత క్రింద విషపు సూది కనిపించింది.” పని అయిపోయినది. దుమ్ము లేదు, మరకలు లేవు, వెనుకకు జరిగినవారు లేరు. క్రొత్త పుస్తకాలు వర్ణనను నిషేధించలేదు, ఆ మాట న్యాయంగా చెప్పవలెను. దుమ్మును గురించి అడిగినవానికి జవాబు చెప్పరాదని ఏ పుటలోను లేదు. కాని చేతిలో పాచిక సిద్ధంగా ఉన్నప్పుడు నోరు తెరవవలసిన అవసరం తగ్గుతుంది. అవసరం లేనిచోట మాట పుట్టదు. భాషా బోధకులమైన మాకు ఇది చిన్న నష్టంగా తోచదు.

ఒక్క నియమం వ్రాసినందువల్ల ఎంత మారుతుందో చెప్పడానికి దొంగ కథకు మించిన ఉదాహరణ లేదు. 1974 పెట్టెలో దొంగ అనే తరగతి లేదు. యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అనే మతగురువు, ఈ ముగ్గురే. నేలమాళిగలో నక్కి నడవవలసి వచ్చినప్పుడు ఎవరైనా చెప్పులు విడిచి నక్కి నడిచేవారు. ఉచ్చు ఉన్నదేమోనని ఎవరైనా కర్రతో తట్టి చూచేవారు. 1975లో ‘గ్రేహాక్’ అనే అనుబంధ గ్రంథం వచ్చి, అందులో దొంగ ప్రవేశించినాడు. చప్పుడు లేకుండా నడవడానికి ఇంత శాతం, నీడలో దాగడానికి ఇంత శాతం, ఉచ్చు తీయడానికి ఇంత శాతం అని అతనికొక పట్టిక. ఉద్దేశం మంచిదే, ఒక క్రొత్త పాత్రకు ప్రత్యేకత కల్పించడం. ఫలితం వేరుగా వచ్చినది. దొంగకు పట్టిక ఉన్నదంటే, తక్కినవారికి ఆ పని రాదనే అర్థం తనంతట తానే ఏర్పడినది. యోధుడు పాదరక్షలు విడిచి నడుస్తానంటే “అది దొంగ పని” అనే రెఫరీలు పుట్టుకొచ్చినారు. పోనీ దొంగకైనా మేలు జరిగినదా? 1981లో టామ్ మోల్డ్వే సంస్కరించిన ‘బేసిక్’ పుస్తకం ప్రకారం మొదటి లెవెల్ దొంగ చప్పుడు లేకుండా నడవగల అవకాశం నూటికి 20, ఉచ్చును కనిపెట్టగల అవకాశం నూటికి 10. నిన్నటివరకు తెలివిగా అడిగితే అందరికీ అందుబాటులో ఉన్న పని, నేడు ఒక్కనికి మాత్రమే, అదీ పదింట తొమ్మిదిసార్లు తప్పిపోయేటట్లు దక్కినది.

మన వ్యాకరణంలో ‘బహుళము’ అనే మాట ఒకటి ఉన్నది. బాలవ్యాకరణం చదువుకొన్న ప్రతి విద్యార్థి పరీక్షకోసమైనా దానిని కంఠస్థం చేసి ఉంటాడు. ఒక కార్యం కొన్నిచోట్ల తప్పక జరుగుతుంది, కొన్నిచోట్ల జరగవచ్చు లేదా మానవచ్చు, కొన్నిచోట్ల జరగనే జరగదు, కొన్నిచోట్ల వేరొక విధంగా జరుగుతుంది. ఇన్నిటినీ ఆ ఒక్క మాటలో ఇమిడ్చినారు. విద్యార్థులు దీనిని వ్యాకర్త చేతులెత్తేసిన చోటుగా భావించి నవ్వుకొంటారు. మేము అట్లా అనుకోము. భాష వాడేవారి నోట ఎట్లా పలుకుతుందో విని తెలుసుకొమ్మని శాస్త్రమే వెనుకకు తగ్గి చోటిచ్చిన సందర్భమది. పాత ఆటల నియమాలు చాలావరకు బహుళములు. దొంగ పట్టిక నిత్యము. ఒక బహుళమును నిత్యముగా మార్చిన ప్రతిసారీ సందిగ్ధం పోతుంది. దానితో కూడ ఏమి పోయినదో లెక్క చూచుకొనేవారు తక్కువ.

అయితే పాత పుస్తకాలలో వ్రాసిన నియమాలన్నీ మేలైనవని గాని, క్రొత్తవన్నీ కీడని గాని మా మతం కాదు. పాత పుస్తకాలలో పిచ్చి నియమాలు కోకొల్లలు. దాడికి ఒక పాచిక, తలుపు దగ్గర చెవియొగ్గడానికి మరొకటి, దొంగకు శాతాలు. ఒకచోట అంకె పెద్దదైతే మేలు, ఇంకొకచోట చిన్నదైతే మేలు. కవచం ఎంత గట్టిదైతే దాని సంఖ్య అంత తగ్గాలట! 2000లో వచ్చిన మూడవ కూర్పు ఈ గందరగోళాన్ని తుడిచివేసి, ఏ పనికైనా ఇరవై ముఖాల పాచిక వేసి, తగిన అంకె కలిపి, నిర్ణీత సంఖ్యను అందుకొంటే చాలునన్నది. ఇందులో తప్పుపట్టవలసినది మాకేమీ కనబడదు.

లెక్కలమాట వచ్చినది కాబట్టి, పాత నియమాలలో మాకు మిక్కిలి నచ్చిన లెక్క ఒకటి చెబుతాము. 1981 పుస్తకంలో పాత్ర ఎదగడానికి కావలసిన అనుభవ పాయింట్లు రెండు విధాల వచ్చేవి. బయటికి క్షేమంగా తెచ్చిన ఒక్కొక్క బంగారు నాణేనికి ఒక పాయింటు. ఒక ఓర్క్‌ను, అనగా ఒక మామూలు రాక్షస భటుణ్ణి, ఓడిస్తే 10 పాయింట్లు. యోధుడు రెండవ లెవెల్ చేరడానికి 2,000 పాయింట్లు కావలెను. నూరు నాణేల సంచిని చడీచప్పుడు లేకుండా తెచ్చుకొంటే పదిమంది ఓర్క్‌లతో చేసిన పోరుకు సమానం. ఆ పోరులో ప్రాణం పోయే అవకాశం మెండు. కనుక తెలివిగలవాడు కత్తి దూయడు, దారి మార్చుకొంటాడు. దీనికి తోడు ఇంకొక నియమం: ఎదురుపడిన ప్రాణి ఏమి చేస్తుందో తెలియనప్పుడు రెఫరీ రెండు మామూలు పాచికలు వేస్తాడు. రెండు పడితే వెంటనే దాడి. పన్నెండు పడితే ఆప్యాయంగా స్నేహం. మధ్యనున్నవన్నీ సందిగ్ధం, బేరసారాలు. రెండు పడే అవకాశం ముప్ఫై ఆరింట ఒక్కటి మాత్రమే. అంటే రాక్షసుడైనా సరే, ముందుగా పలకరించి చూడమని ఆ నియమం తాత్పర్యం.

2014లో వచ్చిన అయిదవ కూర్పులో ఒక ఓర్క్‌కు 100 పాయింట్లు, రెండవ లెవెల్‌కు 300. బంగారానికి పాయింట్లు లేవు. ప్రాణం పోవడం కూడ కష్టమైనది: పూర్వం హిట్ పాయింట్లు సున్నా అయితే చావే. ఇప్పుడు సాధారణంగా స్పృహ తప్పుతుంది, ఆపైన మూడు పాచికలు ప్రతికూలంగా పడితేనే మరణం. కథ మధ్యలో కథానాయకుడు చచ్చిపోరాదనుకొనేవారికి ఇది సుఖం. పోరాటానికి జీతం పెంచి, దానిలోని అపాయం తగ్గించినప్పుడు ఆటగాడు దేనివైపు మొగ్గుతాడో చెప్పనవసరం లేదు. నియమం ఉపదేశం చేయదు. ఏది లాభమో చూపిస్తుంది, అంతే. విద్యార్థులు పరీక్షలో మార్కులు వచ్చే అధ్యాయాలే చదవడం మనం చూడడంలేదా?

ఇంతవరకు చెప్పినది విని మమ్ములను పాతకాలపు పక్షపాతులుగా లెక్కగట్టవచ్చును. ఇక మా పక్షానికి ఎదురు నిలిచే వాదం వినవలెను. అది బలమైన వాదం.

పాత తీరులో అడగగలిగినవాడికే ఆట. నోరున్నవాడు రాజ్యమేలతాడు. తరగతి గది చివరి బల్ల మీద, గోడకు ఆనుకొని కూర్చొని, సంవత్సరమంతా ఒక్క ప్రశ్న వేయని విద్యార్థి ప్రతి కళాశాలలోను ఉంటాడు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు. మూడింటిలో ఏది పలికినా ఎవరో ఒకరు నవ్వుతారని అతని భయం. ఉపాధ్యాయులమైన మేము అతనిని బాగా ఎరుగుదుము. అతడు ఆ బల్ల దగ్గర కూర్చొంటే దుమ్మును గురించి ఎవరు అడుగుతారు? అతడు ఎంచుకొన్న పాత్ర గొప్ప వక్త కావచ్చును, కాని రాజసభలో మాట్లాడవలసినవాడు తానే. క్రొత్త నియమాలు అతనికి ఒక పాచిక ఇచ్చినవి. “నా పాత్ర రాజును ఒప్పించడానికి ప్రయత్నిస్తుంది” అని ఒక్క వాక్యం చెప్పి, పాచిక వేసి, ఇరవై తెచ్చుకొంటే రాజు ఒప్పుకొనవలసిందే. ఆ పాచిక అతని చేతికర్ర. దానిని లాగివేసే ముందు మేము పదిసార్లు ఆలోచిస్తాము.

మరొకటి. రెఫరీ మాటే నియమమన్నప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది అడగవలెను. తన మిత్రుని పాత్రకు త్రాడు ఎప్పుడూ తెగదు, పరాయివాని పాత్రకు ఎప్పుడూ తెగుతుంది. అటువంటి రెఫరీ ముందు, “పుస్తకంలో ఇట్లా ఉన్నది” అని చూపగలిగిన పుట ఒక్కటే బలహీనుని ఆధారం. వ్రాసిన నియమం మంచివాని చేతులు కొంత కట్టివేస్తుంది, నిజమే. దుర్మార్గుని చేతులు కూడ అదే కట్టివేస్తుంది. వ్రాసినదే అన్యాయమైతే ఇక చెప్పేదేముంది? 1978లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్’ గ్రంథంలో మనుష్య స్త్రీ పాత్రల బలానికి పురుషులకు లేని ఒక పరిమితి విధించినారు. 1974 పుస్తకంలో హాబిట్ అనే పొట్టి జాతివాడు ఎంత కష్టపడినా నాలుగవ లెవెల్ దాటరాదు. పుట్టుకనుబట్టి ఎదుగుదలకు హద్దు! మూడవ కూర్పు ఆ హద్దులను ఎత్తివేసినది. 2024 కూర్పు ‘రేస్’ అనే మాటనే తొలగించినది. వీటిని చూచి ముచ్చటపడే పాతకాలపు అభిమాని ఎవరైనా ఉంటే, అతనితో మాకు పొత్తు లేదు.

కాని మూల కూర్చున్న విద్యార్థి సంగతి మేము ఎంత ఆలోచించినా, పాచిక అతనిని ఆదుకొన్నదనే అనిపిస్తుంది గాని, ఎదగనిచ్చినదని అనిపించదు. అతడు పదివారాలు ఆడినా “ప్రయత్నిస్తాను, ఇరవై” అన్న మాట దగ్గరనే ఉంటాడు. పాత ఆట అతనిని ఉపన్యాసం చెప్పమనడంలేదు. “మూత మీద దుమ్ముందా” అని అడగడానికి వాగ్ధాటి అక్కరలేదు, మూడు మాటలు చాలును. అవి దక్కనీలో అడిగినా, కోస్తా యాసలో అడిగినా రెఫరీ జవాబు చెప్పవలసిందే. నవ్వకుండా జవాబు చెప్పే రెఫరీ ఉన్నచోట ఆ మూడు మాటలు నాలుగవవారానికి ముప్ఫై అవుతాయి. నవ్వే రెఫరీ ఉన్నచోట ఏ కూర్పు పుస్తకమూ పనిచేయదు. కనుక మా దృష్టిలో నియమాలు బిగించవలసినది ఆటగాని చుట్టూ కాదు, రెఫరీ చుట్టూ. 2010లో విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ దంపతులు వెలువరించిన ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే ఆటలో ఈ పని జరిగినది. అందులో రెఫరీ పాచిక వేయడు. అతడు ఏయే సందర్భాలలో ఏ విధంగా మాట్లాడవలెనో, ఏ సూత్రాలను పాటించవలెనో పుస్తకమే నిర్దేశిస్తుంది. ఆటగానికి రెండు పాచికలలో పది గాని అంతకు మించి గాని పడితే అనుకొన్నది నెరవేరుతుంది, ఏడునుండి తొమ్మిదివరకు అయితే ఏదో ఒక మూల్యం చెల్లించవలెను. క్రొత్త నియమాలలో మాకు నచ్చినవి ఈ జాతివి.

తక్కిన క్రొత్త నియమాలు అంతగా ఎందుకు పెరిగినవి? న్యాయంకోసమే అని నమ్మడం కష్టం. 1974లో మీరే ఊహించుకొనండి అన్న గైగాక్స్ 1970 దశకం చివరకు ‘అడ్వాన్స్‌డ్’ గ్రంథాలు వెలువరించేనాటికి, అన్నిచోట్లా ఆట ఏకరూపంగా ఉండవలెనని వాదించినాడు. పోటీలు పెట్టాలంటే ఏకరూపత కావలెను, అది ఒప్పుకొనవలసిన కారణమే. పుస్తకాలు అమ్మాలన్నా కావలెను. 1981 బేసిక్ పుస్తకం 64 పుటలు. 2014లో ఆటగాళ్ల గ్రంథమొక్కటే 320 పుటలు, 2024లో 384. ఆట హక్కులు 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థకు, 1999లో దానితోపాటు హాస్‌బ్రోకు చేరినవి. ఎవరైనా వాడుకొనవచ్చునని 2000లో ఇచ్చిన బహిరంగ అనుమతిని 2023 జనవరిలో సంస్థ మార్చబోయినది. ఆటగాళ్లు తిరగబడినారు. ఆ నెల ముగియకముందే అయిదవ కూర్పు మూల నియమాల పాఠాన్ని క్రియేటివ్ కామన్స్ క్రింద అందరికీ విడిచిపెట్టవలసి వచ్చినది. ఇంకొకవైపు 2006లో ‘ఆస్రిక్’ మొదలుకొని, 2019లో గ్యావిన్ నార్మన్ కూర్చిన ‘ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్’ వరకు, పాత నియమాలను శుభ్రంగా తిరగవ్రాసిన పుస్తకాలు ఎన్నో వచ్చినవి. వీటిని ఆడుతున్నవారిలో 1974 తరువాత చాలాకాలానికి పుట్టినవారూ ఉన్నారు.

ఇక కమిటీవారికి. ఇండోర్ ఆటల గదికి ఈ ఏడు క్యారమ్ బోర్డులతోపాటు ఇటువంటి పుస్తకమేదైనా కొనవలెనని విద్యార్థులు అడిగితే, బొమ్మలున్న లావుపాటి గ్రంథాలు మూడూ కొనవలసిన పనిలేదని మా అభిప్రాయం. 64 పుటల పాత పద్ధతి పుస్తకం ఒకటి, పాచికల జత ఒకటి, గీతల నోటుబుక్ ఒకటి చాలును. రెఫరీ కుర్చీ వారంవారం మారవలెను, ఇది మేము పట్టుబట్టే నియమం. నోటుబుక్ రెఫరీకోసం. త్రాడు తెగుతుందా అన్న ప్రశ్నకు ఒకనాడు అతడు చెప్పిన తీర్పు, దానికి చూపిన కారణం, అందులో వ్రాయవలెను. మరువారం వేరొకరు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ తీర్పును పాటించవలెను, లేదా ఎందుకు పాటించడో అందరిముందు చెప్పవలెను. ఏడాది గడిచేసరికి ఆ బల్లకు తనదైన వ్యాకరణం ఒకటి లక్ష్యంనుండి పుడుతుంది. మూల కూర్చున్న విద్యార్థి చూపడానికి అతనికొక పుట ఉంటుంది, అందులో అతని ప్రశ్న కూడ వ్రాసి ఉంటుంది.

పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నవన్న బెంగ అక్కరలేదు. రెఫరీ ఒక్కడు చదివితే చాలును, బల్ల మీద నడిచేది మాటే. పరిభాష మాత్రం కొంచెం చిక్కు పెడుతుంది. విషం, శాపం, డ్రాగన్ నోటి మంట, వీటినుండి చివరి క్షణంలో తప్పించుకొనడానికి వేసే పాచికను ‘సేవింగ్ త్రో’ అంటారు. దీనికి ‘రక్షణ క్షేపము’ వంటి అనువాదాలు చేయబోయే మిత్రులను మేము వారించినాము. మనకు ‘గండం’ ఉన్నది. పాచిక కలిసివస్తే గండం గడిచినది, లేకపోతే లేదు. ఏ పల్లెటూరి విద్యార్థికీ వివరించనక్కరలేదు. ఉర్దూ శాఖ మిత్రులు తమ మాట తాము వెదకుకొంటున్నారు. ఎదురుపడిన ప్రాణితో జరిగే ఘట్టాన్ని ఇంగ్లీషు పుస్తకాలు ‘ఎన్‌కౌంటర్’ అంటున్నవి. ఆ మాట మన పత్రికలలో తుపాకుల మధ్య వేరొక అర్థంలో స్థిరపడిపోయినది. రెండు పాచికలు వేసి, ముందు పలకరించి చూడమని చెప్పే నియమానికి ఆ పేరు పెట్టలేము. ‘ఎదురుపాటు’ అని ప్రస్తుతానికి వాడుతున్నాము. ఇంతకన్న మంచి మాట దొరికిన విద్యార్థులు తెలుగు శాఖకు వ్రాసి ఇవ్వగలరు.